గళ్ల పావడ కింద

లోపల డ్రాయరు వేసుకోవాలా, మానుకోవాలా? ఈ దిగులుతో ఒక మనిషికి పది రోజులు అన్నం సహించలేదంటే ఎవరూ నమ్మరు. ఫైజల్‌కు అదే జరిగింది.

పుంగనూరులో సుబేదారు నారాయణప్ప పైపు బ్యాండు తెలియనివాళ్లు లేరు. చంకలో తోలుసంచి పెట్టుకుని ఊదే ఆ పైపును ఆయన మిలిటరీ బ్యాండులో ఇరవై రెండేళ్లు ఊది వచ్చాడు. వేషమూ అక్కడిదే. ఎర్రకోటు, మోకాళ్ల దాకా మేజోళ్లు, నడుముకు పావడలాంటి గళ్ల కిల్టు. ఊళ్లో పిల్లలు 'లంగా బ్యాండు' అని వెక్కిరిస్తారు.

వెక్కిరిస్తే ఏం? ఆ లంగా కట్టుకుని డోలు కొట్టాలని ఫైజల్‌కు చిన్ననాటి ఆశ. మండీలో టమాటా గంపలు మోసే అతన్ని 'ఒరే' అనేవాళ్లే తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. రెండు వేల నాలుగులో బ్యాండులో చోటు దొరికింది. మొదటిరోజే నారాయణప్ప "రా ఫైజల్" అన్నాడు. ఆ వెంటనే కట్టుబాటూ చెప్పాడు.

"కిల్టు కింద ఏమీ ఉండగూడదప్పా. మా వస్తాదు నాకు నేర్పింది అదే, నేను మీకు నేర్పేదీ అదే. డ్రాయరు ఏసినోడు నా వరసలో ఉండడు."

ఉత్త బెదిరింపు కాదు. తొంభై ఆరులో, కుప్పంలో పెళ్లి ఊరేగింపు నడుస్తుండగానే ఒక డోలువాణ్ణి వరసలోంచి లాగి బస్సెక్కించిన మనిషి.

మిగతావాళ్లు ఏం చేస్తారని పెద్ద డోలు గురప్పను అడిగాడు ఫైజల్. గురప్ప నవ్వేశాడు.

"సారు సెప్పింది ఇన్నావు గదా! మళ్లీ మమ్మల్ని యాల అడుగుతావు?"

ఇంట్లో భార్య మెహ్‌నాజ్‌ది ఇంకో కట్టుబాటు.

"బొడ్డు కాణ్ణించి మోకాలి దాకా మొగోడు కప్పుకోవల్ల. నీకు తెలీదా? పైగా మీ ప్రోగ్రామ్ హార్స్లీ హిల్స్‌లో. ఆ కొండ మీద గాలికి గొడుగే నిలవదు. మదనపల్లె నుంచి మా నాయన వస్తాండాడు నిన్ను సూడను. ఆ గాలి ఒక్కతూరి ఎత్తిందంటే నేను పుట్టింటికి ఏ మొగం పెట్టుకోని పోవల్ల?"

వేసుకుంటే బ్యాండు పోతుంది. మానుకుంటే పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒంటి రంగులో కలిసిపోయే డ్రాయరు కోసం ఫైజల్ పుంగనూరు బజారంతా గాలించాడు. ఉన్నవన్నీ నీలం చారలవే.

ప్రోగ్రామ్ రోజు పొద్దున కొండ మీద, గెస్ట్‌హౌస్ వెనక అందరూ బారుగా నిలబడ్డారు. ఫైజల్ నీలం చారలది వేసుకునే వచ్చాడు. అది వేసుకునేదాకా మెహ్‌నాజ్ గుమ్మం వదల్లేదు మరి.

నారాయణప్ప తనిఖీ అంటే మిలిటరీ తనిఖీయే. ఒక్కొక్కరి ముందూ ఆగి "ఎవురు?" అంటాడు. పేరు చెప్పి "హాజర్ సార్" అనాలి. కోటు గుండీలు తడుముతాడు. కిల్టు మడతల మీద వేలు నడిపి ఇస్త్రీ ఎలా ఉందో చూస్తాడు. ఆఖరున గుండ్రటి అద్దం ఒకటి కాళ్ల మధ్య నేల మీద పెట్టి వంగుతాడు.

"ఎవురు?"

"ఫైజల్. హాజర్ సార్."

గుండీలయ్యాయి. మడతలయ్యాయి. అద్దం నేలకు తగిలిన చప్పుడు వినగానే ఫైజల్ కళ్లు మూసుకుని అల్లాను తలుచుకున్నాడు.

నారాయణప్ప నింపాదిగా లేచాడు. "సరే. తరువాత."

బతుకు జీవుడా అనుకోవడానికి కూడా ఫైజల్‌కు ధైర్యం చాల్లేదు. చూసీ ఊరుకున్నాడా? అంతా అయ్యాక బస్సెక్కిస్తాడా?

బ్యాండు కదిలింది. ముందు పైపు ఊదుతూ నారాయణప్ప, ఆయన వెనకే గురప్ప, ఆ వెనక మిగతావాళ్లు, అందరికంటే ఆఖరున ఫైజల్. మలుపు తిరగగానే వెనక నుంచి గాలి ఈడ్చి కొట్టింది. కిల్టులన్నీ ఒక్కసారిగా లేచాయి. జనం గొల్లున నవ్వారు.

ఫైజల్ దరువు తప్పబోయాడు. తన ముందున్నవాళ్లలో డ్రాయరు లేనివాడు ఒక్కడూ లేడు! చారలవి, తెల్లవి, ఖాకీవి. ఒకరిదైతే మోకాళ్ల దాకా ఉంది. నారాయణప్ప ఒక్కడి సంగతే తెలియలేదు. గురప్ప పెద్ద డోలును ఆయన వీపుకు ఆనించినట్టే పట్టుకుని నడుస్తున్నాడు.

వాయించడం అయిపోయింది. గురప్ప ఆయన్ని చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"జనం యాల నవ్విరి గురప్పా?"

"ఎవురో బిడ్డ టోపీ ఎగిరిపోయె సార్."

"ఫైజల్ యాడ?"

"ఈడ ఉండాను సార్," అన్నాడు ఫైజల్, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

నారాయణప్ప చెయ్యి చాచి అతని భుజం తట్టాడు. "బాగా కొడితివప్పా. ఈ కాలంలో కట్టుబాటు నిలబెట్టేది మన బ్యాండు ఒకటే. ఇంగ నువ్వు మావాడివి."

ఏ మాట కోసం పది రోజులు కుమిలిపోయాడో ఆ మాట వచ్చింది. సంతోషం మాత్రం రాలేదు. ఇంత పెద్దాయన్ని మోసం చేసి ఆ మెప్పు పుచ్చుకోవడం ఫైజల్‌కు సిగ్గనిపించింది. నోరు తెరవబోయాడు. గురప్ప అతని మణికట్టు పట్టుకుని పది అడుగులు అవతలికి లాక్కుపోయాడు.

"ఏం సెప్పబోతాండావు?"

"నిజమే సెప్పేస్తానన్నా. నేనూ ఏసుకోనుండాను, మీరందరూ ఏసుకోనుండారు. అద్దం పెట్టి సూసి గూడా సారు యాల ఊరుకున్నాడో నాకు తెలీలే."

గురప్ప ఒకసారి బెంచీ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"సారుకు సూపు పోయి రెండేండ్లాయె ఫైజలూ, ఆ సంగతి మాకెవురికీ తెలీదనుకుంటాండాడు."