పదమూడో చోటు

తెల్లారితే పాతకార్ల ప్రదర్శన. మేనేజరు గారి కారు స్టీరింగేమో కుడివైపు తిరగనని భీష్మించుకు కూర్చుంది.

"పొద్దుట్నుంచి పన్నెండు చోట్ల గ్రీజు కొట్టాను," అన్నారాయన కారు కింద నుంచి.

"మీ మొహానికి కొట్టుకున్నదీ కలిపితే పదమూడు," అంది భార్య.

"కారుకే పదమూడమ్మా," అంది వెనక నుంచి ఓ కొత్త గొంతు.

ఇద్దరూ గేటు వైపు చూశారు. దారినపోయే ముసలావిడ ఎవరో, గొడుగు మూసి లోపలికొస్తోంది.

"కార్ల గురించి తెలుసా పెద్దమ్మా?" మేనేజరు గారు లేచి నవ్వాపుకున్నారు.

"కొంచెం. బరువంతా చక్రాల మీదుంటే గ్రీజు లోపలికెలా పోతుంది నాయనా? జాకీ పెట్టి లేపు. పదమూడోది కుడిచక్రం వెనకాల, మట్టి కింద దాక్కునుంటుంది."

"ఇది అల్లాటప్పా కారు కాదండీ. కొండదారి పందెంలో ఫస్టొచ్చింది." తానే గెలిచినంత ఠీవిగా లోపలి ఇత్తడి బిళ్ల చూపించారు.

"అలాగా," అందావిడ.

రోషం కొద్దీ జాకీ పెట్టి కారు లేపారు. మట్టి గీకారు. పదమూడోది బయటపడింది.

దాని పక్కనే, స్టీరింగ్ రాడ్డు నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ను ఉండాల్సిన చోట, ఆడవాళ్ల తలపిన్నొకటి మెలితిప్పి ఉంది.

"ఎవడో పనిమంతుడి ఘనకార్యం." పీకి అవతల పారేసి, కొత్త పిన్ను వేశారు.

"ఊడిందా మరి?" అంది ముసలావిడ.

"ఏది?"

"ఆ నట్టు."

"ఊడలేదనుకోండి."

ఆవిడ వంగి తలపిన్ను ఏరుకుంది. "ఇది నేను తీసుకోనా?"

"నిక్షేపంగా. చెత్తబుట్టకి శ్రమ తప్పింది."

రుమాలుతో తుడిచి, తెల్లటి ముడిలో దోపుకుని, తలెత్తుకుని వెళ్లిపోయిందావిడ.

గ్రీజు కొట్టి, జాకీ దించి, వీధి చివరిదాకా ఓ చుట్టు తిప్పుకొచ్చారు. స్టీరింగ్ వెన్నలా తిరిగింది.

"మంచినీళ్లయినా ఇవ్వలేదావిడకి," అంది భార్య.

"పేరైనా అడగలేదు," అన్నారు మేనేజరు గారు, ఈసారి కాస్త నెమ్మదిగా.

మర్నాడు ప్రదర్శనలో, గోడ మీద ఓ పాత ఫొటో. పందెం గెలిచిన రోజుది.

"అదిగో, మా కారు." మేనేజరు గారు ఛాతీ విరిచి నలుగురికీ చూపించారు.

"కారు సరే," భార్య కళ్లజోడు సర్దుకుంది. "తోలినావిణ్ణి చూడండి."

కప్పు ఎత్తి పట్టుకున్న పాతికేళ్ల అమ్మాయి. మోచేతుల దాకా గ్రీజు, మొహం నిండా గర్వం, పిన్ను లేక ఒకపక్కకి జారిపోయిన ముడి.