తుర్రుపిట్ట గొడుగు

గొడుగుల షాపు వెబ్‌సైటులో పెట్టే వీడియోకి పేరు దగ్గర పేచీ వచ్చింది.

"'విరిగిన గొడుగు బాగుచేయడం ఎలా' అని పెడితే, వెతికేవాళ్లకి మన వీడియో ముందు వరసలో కనిపిస్తుంది పిన్నిగారూ," అంది వెబ్‌సైటు చేసే అమ్మాయి.

"వద్దమ్మా. 'తుర్రుపిట్ట గొడుగు' అని పెట్టు," అంది షాపావిడ.

"ఆ మాట నెలకి ఒక్కరు కూడా వెతకరు. ఇక మీ వీడియో మీరూ నేనూ చూసుకోవాల్సిందే."

"పోనీలే."

అమ్మాయికి ఒళ్లు మండింది. "షాపుకి జనం రావద్దా?"

ఆవిడ వంగిన గొడుగు ఊచను వేళ్లతో సరిచేస్తూ మెల్లగా చెప్పింది.

"స్టేషన్లో తప్పిపోయేనాటికి నా కూతురికి నాలుగేళ్లు. ఊరి పేరు తెలీదు, నా పేరూ తెలీదు. తుర్రుపిట్టా అని పిలిచేదాన్ని. చేతిలో చిన్న గొడుగుండేది. ఇప్పుడు పెద్దదై ఉంటుంది. ఎప్పుడైనా వెతికితే ఆ రెండు మాటలే కదా వెతుకుతుంది."

అమ్మాయి ఆ పేరే టైపు చేసింది. కింద వివరాల్లో షాపు చిరునామా రాసింది.

"పాపకి ఇంకేం గుర్తుండొచ్చు పిన్నిగారూ? అవీ రాద్దాం."

ఆవిడ చేతిలోని గొడుగు పక్కన పెట్టింది.

"ఆ రోజు గట్టిగా కసిరాను. అందుకే నా చెయ్యి విడిపించుకుంది. అది మాత్రం రాయకమ్మా."