అట్టే పెట్టిన అట్టపెట్టె

“పెట్టె తెరవందే ఇది అసలుదో నకిలీదో చెప్పలేనండీ” అంది బొమ్మలకు విలువ కట్టే ఆవిడ.

“తెరిస్తే ఇక కట్టడానికి విలువే మిగలదండీ!” అన్నాడు బావ, పెట్టెను పసిపిల్లలా గుండెకు హత్తుకుని.

ఇద్దరి మధ్యా బావమరిది నిలబడ్డాడు. అతను స్కానింగ్ సెంటర్లో ఎక్స్-రేలు తీస్తాడు. భోజనాల వేళ పేషెంట్లు లేరు కదా అని బావ పెట్టెతో సహా దిగిపోయాడు. వెనకాలే అక్క కూడా వచ్చి, మూలనున్న కుర్చీలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పెట్టెలో ఉన్నది ఒక పాత సినిమాలోని వీరుడు, వాడెక్కిన గుర్రం. పైన వీరుడి రంగుల బొమ్మ అచ్చేసిన ఆ అట్టపెట్టెను బావ కొన్ననాటి నుంచీ అట్టే పెట్టాడు. సీలు తియ్యలేదు, తియ్యనివ్వలేదు. ఇప్పుడు బొమ్మలు సేకరించేవాళ్ల క్లబ్బు ప్రదర్శన పెడుతోంది. అసలుదని తేలితే హాలు నడిమధ్య అద్దాల అర బావది. కాదని తేలితే క్లబ్బులో తలెత్తుకునే పని లేదు. నకిలీ అని గిట్టనివాళ్లు అప్పుడే గుసగుసలు మొదలెట్టారు. మామూలుగా ఆవిడ బొమ్మను చేతిలోకి తీసుకుని, కీళ్లు కదిపి, కనుబొమ గీత వంకర పోయిందేమో చూసి చెప్పేస్తుంది. వెల చెప్పే మనిషే వెనకాడితే బావ వెలవెలబోక ఏం చేస్తాడు?

“మొదటి విడత బొమ్మల్లో వెన్నులో ఉక్కు చువ్వ ఉంటుంది. తర్వాత వచ్చిన నకిలీలన్నీ ఉత్త ప్లాస్టిక్” అంది ఆవిడ. “పైకి తేడా తెలీదు. అందుకే ఎక్స్-రే అన్నాను.”

బావమరిది కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. “పేషెంటు పేరు?”

“వెటకారమా?”

“పేరు కొట్టకపోతే మెషిన్ తియ్యదు బావా.”

“వీరుడు అని కొట్టు.”

“వయసు?”

“మా పెళ్లికంటే పెద్దవాడు.”

“అయితే వెన్నెముక ఉండే ఉంటుందిలే. పెళ్లికి ముందు నీకూ ఉండేదిగా!”

ఎప్పుడూ తమ్ముడి జోకులకు ముందుగా నవ్వే అక్క ఈసారి నవ్వలేదు. “ఇంటికి పోదాం పదండి. అసలుదైతే ఏంటి, కాకపోతే ఏంటి? ఇన్నేళ్లూ చూసుకుని మురిసిపోయారుగా, చాలదా?”

“చూసుకుని ఎక్కడే? చూడకుండా మురిశాను. ఒక్కసారి చూడనీ.”

పెట్టెను బల్ల మీద నిలబెట్టారు. అందరూ అద్దం వెనక్కి వచ్చారు. అలవాటు కొద్దీ బావమరిది “ఊపిరి పీల్చి బిగబట్టండి” అన్నాడు. పెట్టె మాటెలా ఉన్నా, బావ బిగబట్టాడు.

తెర మీద బూడిదరంగు గుర్రం ముందుకాళ్లెత్తి లేచింది. మెడ నుంచి తోక దాకా తెల్లటి గీత. ఉక్కు చువ్వే! పక్కన కత్తి, డాలు ఉన్నాయి. గుర్రం వీపున జీను ఉంది. జీను మీద ఎవరూ లేరు.

“రౌతేడీ?” అన్నాడు బావ. “పక్కకి తిప్పి తియ్యరా.”

తిప్పి తీశాడు. గుర్రమూ తిరిగింది, కత్తీ తిరిగింది. రౌతు మాత్రం తిరిగి రాలేదు.

“రోజూ పొద్దున్నే లేచి గుడ్‌మార్నింగ్ చెప్పింది ఖాళీ జీనుకా?” బావ తెర మీది జీనును వేలితో తడిమాడు.

బావమరిది నాలుక చివరికి జోకులు వచ్చాయి. మింగేశాడు. ఈ గదిలో, ఈ తెర ముందు, ఇలాంటి ముఖాలు అతను చాలా చూశాడు. లోపల ఏముందో తెలియనన్నాళ్లూ మనిషి బాగానే ఉంటాడు. అలాంటప్పుడు “డాక్టరుగారు చెప్తారు” అని తప్పించుకోవడం అతని అలవాటు. ఇప్పుడు ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ భూతద్దం తీసి సీలు చూసింది. మళ్లీ చూసింది. మళ్లీ తెర దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించినంత పని చేసింది.

“సీలు కంపెనీదే, చెక్కుచెదరలేదు. గుర్రంలో చువ్వ ఉంది కాబట్టి సరుకు మొదటి విడతదే.” మాటలు నెమ్మదిగా వస్తున్నాయి గానీ కళ్లు మెరుస్తున్నాయి. “అంటే రౌతుని పెట్టడం మరిచిపోయి ఫ్యాక్టరీలోనే సీలేసేశారు! సార్, రౌతున్న పెట్టెలు వెతికితే ఇంకా దొరుకుతాయి. రౌతు లేనిది మాత్రం నేనెక్కడా వినలేదు. విలువ కట్టడం నా వల్ల కాదు. నడిమి అర మీదే!”

బావ ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. “విన్నావురా? లేనివాడికి ఇంత విలువిచ్చే చోటు ప్రపంచంలో ఇదొక్కటే!” అని బావమరిది వీపు చరిచి, పెట్టెను ఎత్తుకుని, ఆవిడ తలుపు తెరిచి పట్టుకుంటే పెళ్లికొడుకులా బయటికి నడిచాడు.

బావమరిది మెషిన్ ఆపాడు. అక్క కుర్చీలోంచి లేవలేదు.

“ఏంటక్కా, బావ గెలిస్తే నీ ముఖం అలా ఉందేంటి?”

అక్క వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“ఆ పెట్టె అడుగు అతుకు ఆవిరి పట్టి విప్పింది నేనేరా; నీ మేనకోడలు చిన్నప్పుడు జ్వరంతో ఒకటే ఏడుస్తుంటే రౌతుని తీసి చేతిలో పెట్టి, పెట్టె మళ్లీ అంటించేశా… ఇప్పటికీ హాస్టల్లో వాడు దిండు కింద లేందే దానికి నిద్ర పట్టదు.”