గూట్లోకి వచ్చిన పాము

ఈతమట్టకు వేలాడే గూట్లో గిజిగాడి పిల్ల రెండు రోజులుగా గింజ ముట్టలేదు. వాళ్ళమ్మ ఫోనులో పాటలు చూస్తూ చూస్తూ, పాము పిట్టల్ని మింగే వీడియో చూసి భయపడిందట.

"ఆ ఫోను వాగులో పారెయ్ వదినా" అంది పిచ్చుక.

"అప్పుడు పిల్ల మీ ఇంటికొచ్చి చూస్తుంది" అంది తల్లి. " పాము దూరకుండా గూటికి వాకిలి కిందికి పెట్టుకున్నాను. ఫోనుకు మాత్రం బార్లా తెరిచి ఇచ్చాను, పిచ్చిదాన్ని."

ఆ పూటే కూర్చుని, పాటలు తప్ప ఇంకేవీ తెరుచుకోకుండా ఫోనుకు తాళం పెట్టింది.

"పక్క గూటి పిల్లలకు తాళం లేదు" అని ఏడ్చింది పిల్ల.

"మనకుంది. ఎంత ఏడ్చినా తియ్యను."

పిల్ల కాసేపు అలిగింది. తర్వాత మెల్లగా, "ఇక పాము రాదా అమ్మా?" అంది.

"తాళం దాటి వచ్చినా, పక్కన నేనుంటానుగా."

పిల్ల గింజ అందుకుంది.