అక్కకు దాహం వేసింది

లీటరు నీళ్ళ సీసా ఎత్తి, దించకుండా తాగేసింది అక్క.

"ఎన్నాళ్ళ నుంచి ఈ దాహం?" అడిగింది డాక్టరమ్మ.

"రెండు నెలలు దాటింది. రాత్రిళ్ళు కూడా వదలదు. షాపులో కుట్టేది తక్కువ, బాత్రూముకి పరిగెత్తేది ఎక్కువ." జబ్బు గురించి కాదు, పెళ్ళి గురించి చెబుతున్నంత సంబరంగా చెప్పింది. "అసలు మందైతే దాహం వేస్తుందని మీరు ముందే చెప్పారుగా!"

పక్క కుర్చీలో చెల్లెలు చేతిసంచీ జిప్పు తీస్తోంది, వేస్తోంది.

ఇద్దరూ కలిసి బట్టలు కుట్టే షాపు నడుపుతారు. ఇద్దరికీ ఒకటే కిడ్నీ జబ్బు. వాళ్ళమ్మ పోతూ పోతూ ఇచ్చిన ఆస్తి అదొక్కటే. దాన్ని మాత్రం కూతుళ్ళకి సమానంగా పంచింది.

డాక్టరమ్మది రెండు పడవల ప్రయాణం. పొద్దున రోగుల్ని చూస్తుంది. మధ్యాహ్నం ఆ రోగుల్లోనే కొందరి మీద కొత్త మందు పరీక్షిస్తుంది.

సగంమందికి అసలు మందు. సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి బిళ్ళ. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియకూడదు. కంప్యూటరు చీటీ తీస్తుంది.

అక్కాచెల్లెళ్ళకి వేరువేరు చీటీలు పడితే ఏమవుతుందో ఆవిడకి ముందు తోచలేదు.

ఇప్పుడు తోచింది. మొదటి నెలలో దాహమన్నది చెల్లెలు. అక్క హాయిగా నిద్రపోతున్నానంది. నెలల తరబడి పిండి బిళ్ళ మింగిన మనిషికి ఉన్నట్టుండి దాహం పుట్టదు. నిప్పు లేనిదే పొగ రాదు.

"అయ్యో, మళ్ళీ వచ్చింది" అంటూ అక్క గబగబా బయటికి వెళ్ళింది.

తలుపు మూసుకుంది.

"ఇంట్లో మాత్రలు ఎవరు తీసిస్తారు?"

"నేనేనండీ."

"ఎవరివి ఎవరికిస్తున్నావమ్మా?"

జిప్పు ఆగింది.

"రోజు విడిచి రోజు... నాది తనకి, తనది నాకు. అక్కకి తెలీదు. నాకు దాహమేసి తనకి వెయ్యనప్పుడే అర్థమైంది. అయినా ఊరుకున్నాను. పోయినసారి మీరు అక్క కిడ్నీలు ఇంకా దెబ్బతిన్నాయన్నారు చూడండి, ఆ మర్నాటి నుంచి."

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి చెమటోడ్చి చేస్తున్న పని అది.

"సగం మందు ఎవరికీ చాలదు, తెలుసా? మొత్తం నువ్వే వేసుకునుంటే నీ కిడ్నీలైనా నిలబడేవేమో. ఇలాగైతే ఇద్దరూ మునుగుతారు!"

"అమ్మకి చివర్లో అన్నీ అక్కే చేసింది. నన్ను గదిలోకి రానిచ్చేది కాదు, భయపడతానని." చెల్లెలు కళ్ళు తుడుచుకోలేదు. "రేపు తను అలా పడుకుంటే, నేను నిక్షేపంలా పక్కన కూర్చుని చూడాలా?"

కోపం ఎటు పోయిందో డాక్టరమ్మకే తెలియలేదు. ఆ పిచ్చిపిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది. కానీ చెప్పాల్సింది ఇంకా ఉంది.

"మీరిద్దరూ ఈ పరీక్షలోంచి తప్పుకోవాలి. జరిగింది జరిగినట్టు పైవాళ్ళకి రాయాలి."

"మందు ఆపేస్తారా?"

"ఇద్దరికీ అసలు మందే ఇప్పించమని కూడా రాస్తాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు. ఏమైనా మీరు నా పేషెంట్లు, అందులో మార్పు లేదు. అక్కకి మాత్రం ఇవాళే చెప్పాలి. తన ఒంట్లోకి ఏం పోతోందో తనకి తెలియొద్దూ?"

"నావల్ల కాదండీ. మీరే చెప్పండి."

తలుపు తెరుచుకుంది. అక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"ఒక మాట చెప్పనా డాక్టరమ్మా? మొదట్లో దీనికొక్కదానికే దాహం వేసింది కదా. నాది పిండి బిళ్ళేనని అప్పుడే తెలిసిపోయింది."

చెల్లెలు తలెత్తింది.

"చెబితే ఇది బెంగపెట్టుకుంటుందని నోరెత్తలేదు. దీనికి పడిందిగా, చాల్లే అనుకుని రోజూ మింగేశాను." అక్క చెల్లెలి భుజం మీద ఒక్కటి చరిచి నవ్వింది. "తీరా చూస్తే నాదీ అసలుదే! నా ఒంటికి కాస్త ఆలస్యంగా పట్టింది, అంతే."

డాక్టరమ్మ తన కుర్చీని అక్క దగ్గరికి జరుపుకుంది.