సోమవారం వంతు

ఆ సోమవారం కూడా టమాటా నారు వాడిపోయింది.

మడి గట్టు మీద నిలబడి, తలలు వాల్చేసిన మొక్కల్ని చూస్తూ డ్రిల్లు టీచరు పళ్ళు నూరింది.

రిటైరై మూడేళ్ళయినా ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. రైలు గేటు పక్కన ఖాళీగా పడివున్న మున్సిపాలిటీ స్థలంలో కాలనీవాళ్ళు తోట వేసుకున్నారు. ఆ తోట సంఘానికి ఈ ఏడాదే ఆమె సెక్రటరీ అయింది.

చలి వెనకబట్టి కొమ్మలు చిగుళ్ళు తొడుగుతున్న రోజులు. తోటలో ఊపిరాడనంత పని.

ఫోన్ గ్రూపులో నలభై మంది ఉన్నారు. పువ్వు ఫోటో పెడితే నలభై బొటనవేళ్ళు లేస్తాయి. పార పట్టాల్సిన రోజున ఏడుగురు వస్తే గొప్ప. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి చుట్టాలు. బ్యాంకాయనకైతే మట్టి పడదట. మట్టి పడనివాడు తోట సంఘంలో ఎందుకు చేరాడో ఆమెకు ఎంతకీ అంతుపట్టలేదు.

అలాంటప్పుడు వచ్చి సంఘంలో చేరాడు గొడుగాయన.

డెబ్భై దాటిన మనిషి. ఎండైనా మబ్బైనా చంకలో నల్ల గొడుగు. ఎక్కడుంటారని అడిగితే ఇక్కడే దగ్గర్లో అన్నాడు తప్ప, అంతకుమించి ఒక్క ముక్క రాలలేదు.

కానీ పనిమంతుడు. పాదు తీస్తే కొలిచి గీసినట్టుండేది. నెల రోజుల్లో ముళ్ళపొదలన్నీ కొట్టేసి, వంగకి మడి సిద్ధం చేశాడు.

టీచరు పొంగిపోయింది. ఎవరూ ఒప్పుకోని సోమవారం పొద్దుటి నీళ్ళ వంతు ఆయనకు రాసేసింది.

సోమవారం తప్ప ఇంకే రోజైనా ఇమ్మని అడిగాడాయన. మిగతా రోజులు ఎవరికి వాళ్ళు పట్టేసుకున్నారు, మార్చుకోవడానికి ఒక్కరూ కదల్లేదు. ఎందుకు కుదరదో చెప్పమంటే గొడుగు కొనతో నేల గీకుతూ "పనుంటుందమ్మా" అన్నాడు.

ఈ వయసులో ఈయనకేం రాచకార్యాలు అనుకుంది టీచరు. వంతు మార్చలేదు.

ఆయన పూర్తిగా ఎగ్గొట్టనూ లేదు. ఏ మధ్యాహ్నం మూడింటికో ఆదరాబాదరాగా వచ్చి పోసేవాడు. లేత నారు అప్పటిదాకా ఆగుతుందా?

మొదటిసారి ఊరుకుంది. రెండోసారి చెప్పి చూసింది. ఇది మూడోసారి. అందుకే ఇవాళ మధ్యాహ్నం నుంచీ కదలకుండా అక్కడే కాపు కాసింది.

మూడు దాటాక తోట గేటు తోసుకుని వచ్చాడాయన. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. మడి వంక చూసి చప్పున తల దించుకున్నాడు.

"తప్పేనమ్మా."

"తప్పని తెలిసీ ఎందుకు చేస్తున్నారు బాబాయిగారూ? పొద్దున్న ఎక్కడికి వెళ్తున్నారో ఒక్క మాట చెప్పండి. కాళ్ళావేళ్ళా పడైనా వంతు మార్పిస్తాను."

ఆయన నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ మూసుకున్నాడు.

అలా మూసుకోవడంతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నలభై మంది సాకుల మీద ఇన్నాళ్ళూ దిగమింగుకున్న కోపమంతా ఆ ఒక్క మనిషి మీదికి ఒలికిపోయింది.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు. సంఘం పుస్తకంలో మీ పేరు కొట్టేస్తున్నాను."

"నిజంగానే కొట్టేస్తారా అమ్మా?"

ఆమె పుస్తకం తెరిచి ఆయన చూస్తుండగానే గీత గీసింది.

ఆయన మిగిలిన మడులకు నీళ్ళు పెట్టి, బకెట్ గోడవారన బోర్లించి వెళ్ళిపోయాడు.

పదిహేను రోజులు తిరిగేసరికి ఎవరో ఇద్దరు టేపు పట్టుకొచ్చి తోట చుట్టుకొలత తీసుకున్నారు. అదేమంటే, నెలలోగా ఖాళీ చెయ్యాలన్నారు.

టీచరు ఉన్నపళంగా మున్సిపల్ ఆఫీసుకు పరుగెత్తింది. గుమాస్తా ఫైలు తీసి, ఆమెను కూర్చోమని, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆ స్థలంలో గోడౌను కట్టుకుంటానని ఒకాయన అర్జీ పెట్టుకున్నాడు. అభ్యంతరాలుంటే చెప్పుకోమని నోటీసు పంపారు. అది పాత సెక్రటరీ చిరునామాకు పోయింది. ఆయన ఇల్లు మారి చాలా కాలమైంది.

"అయినా మీవాళ్ళు రాకపోలేదమ్మా. ప్రతి సోమవారం విచారణకి తోట తరఫున గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన వచ్చేవాడు. పదింటికి రమ్మంటాం, పిలిచేసరికి రెండయ్యేది. పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా కూర్చునేవాడు. ఆయన అభ్యంతరం చెప్పినప్పుడల్లా వాయిదా పడేది. అలా ఏడు వాయిదాలు."

తర్వాతేమైందని అడిగింది టీచరు.

గుమాస్తా చెప్పాడు. ఎనిమిదో సోమవారం ఆయన వచ్చాడు కానీ సంతకం పెట్టలేదు. సంఘంలో ఇప్పుడు తన పేరు లేదని, లేనిది ఉందని రాయలేనని అన్నాడు. సెక్రటరీగారికి కబురు చెయ్యమని బతిమాలాడు. నోటీసు ఎప్పుడో ఇచ్చేశామన్నారు పై అధికారులు. ఆ రోజే ఆర్డరు అయిపోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదండీ?" అంది టీచరు, ఏడుపు ఆపుకుంటూ. "నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే నేనే వచ్చేదాన్ని కదా."

గుమాస్తా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమని చెప్తాడమ్మా, అర్జీ పెట్టింది ఆయన కన్నకొడుకే; ప్రతి సోమవారం ఒకే ఇంట్లోంచి బయల్దేరి వచ్చి, అదిగో ఆ బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చునేవాళ్ళు."