రండి, ఇల్లు భద్రంగా ఉంది

"తొందరగా తేల్చండి సారూ. సిమెంటు కలిపేశాను. వైర్లు లోపల పడితే గానీ గోడ పూడ్చలేను" అన్నాడు మేస్త్రి.

హాల్లో మిగిలిన ఒక్క బల్ల మీద రెండు పెట్టెలు సర్దాడు అలారాలు బిగించే అతను. చుట్టూ టైల్స్ కట్టలు, దుమ్ము, గోడలో వైర్ల కోసం తవ్విన గాడి.

"ఇది సైరన్. దొంగ తలుపు ముడితే వీధి చివరిదాకా మోగుతుంది. ఇదేమో మాట్లాడుతుంది" అని రెండో పెట్టె మీద మీట నొక్కాడు.

"ఎవరు మీరు? ఇంటివాళ్ళని పిలుస్తున్నాను" అంది లోపలినుంచి ఒక ఆడగొంతు.

ఇంటాయన చేతిలో కొలతల టేపు జారి కింద పడింది. కిటికీకి గరుకు కాగితం రుద్దుతున్న అతని భార్య చెయ్యి కూడా ఆగిపోయింది.

"దొంగకి అలా. ఇంటివాళ్ళకి ఇలా" అని ఇంకో మీట నొక్కాడతను.

"రండి, ఇల్లు భద్రంగా ఉంది."

"మళ్ళీ ఒకసారి" అన్నాడు ఇంటాయన. అతను నొక్కాడు. "ఇంకోసారి" అన్నాడు ఇంటాయన.

"ఈ గొంతు వింటే దొంగ పారిపోడు సారూ. చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంటాడు" అన్నాడు మేస్త్రి.

ఇంటాయన వినిపించుకోలేదు. పెట్టె మీదికి వంగి, కళ్ళు సగం మూసుకున్నాడు.

ఆ గొంతు భార్యకీ తెలుసు. పెళ్ళికి ముందు అతను ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఫోన్ వేడెక్కేదాకా రోజూ విన్న గొంతు. అది విన్నాకే మనసు పారేసుకున్నానని తర్వాత అతనే చెప్పాడు. ఇన్నేళ్ళయినా మర్చిపోలేదన్నమాట.

ఆమె వచ్చి సైరన్ పెట్టె మీద వేలు పెట్టింది.

"అదా? గాడిదలా అరుస్తుందే అది. ఇది చూడు, ఎంత..." అంటూ ఆగిపోయాడు అతను.

ఆమె వేలు తియ్యలేదు.

"అమ్మగారి మొహం చూడండి. దొంగ సంగతి తర్వాత, ముందు మీ సంగతి తేలేట్టుంది" అన్నాడు మేస్త్రి.

"మాట్లాడేదే బిగించు" అన్నాడు ఇంటాయన, ఆమె వైపు చూడకుండా.

గంటలో పని అయిపోయింది. బిగించినతను వెళ్ళిపోయాడు.

ఇంటాయన గేటుదాకా వెళ్ళి వచ్చి గుమ్మం పక్కన అలారం నంబర్లు నొక్కాడు. పెట్టె పలికింది. మేస్త్రికి టీ చెప్పాలని వెళ్ళి వచ్చాడు. మళ్ళీ పలికింది. స్కూటర్‌కి తాళం వేశానో లేదోనని ఇంకోసారి వెళ్ళాడు. వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో ఆగి, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా సిగ్గుగా నవ్వుకున్నాడు.

ఇంటికి రాగానే అతను ముందు ఆమె మొహం చూసేవాడు. ఒక్కరోజూ తప్పలేదు. ఇవాళ ఎదురుగా నిలబడినా చూపు గోడ మీదికే పోతోంది.

నాలుగోసారి అతను బయటికి వెళ్ళగానే ఆమె స్టూలు ఎక్కింది. పెట్టె మూత తీసి, 'మాట' వైపున్న మీటని 'బీప్' వైపు జరిపేసింది.

అతను వచ్చి నంబర్లు నొక్కాడు. పెట్టె కీచుమంది. అంతే.

అతని మొహం మాడిపోయింది.

"ఎందుకే మార్చేశావు?" అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించాడు. "ఆ ఒక్క మాటా ఉండనివ్వవే. నాకింకెక్కడా దొరకదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేస్త్రి చెవి మీది పెన్సిల్ లాక్కుని, రంగు వెయ్యని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసింది.

'అది వెళ్ళిపోయింది. ఇక్కడ ఉన్నది నేను.'

మేస్త్రి తాపీ పట్టుకుని మెల్లగా పెరట్లోకి జారుకున్నాడు.

పెట్టెలోని ఆ మాటలన్నీ పదేళ్ళ కిందట, తన గొంతుని తీసుకెళ్ళిపోయిన ఆపరేషన్‌కి నెల ముందు, స్టూడియోలో కూర్చుని అలారం కంపెనీ కోసం చదివింది ఆమే.